పిల్లల కోసం వెళ్లి, పెద్దల దగ్గర కూర్చున్నాను

ధవళేశ్వరంలో మా సంఘంలో ఇరవై తొమ్మిదేళ్లు యవ్వనస్తుల పని చేసి, పోయిన ఈస్టర్ తర్వాత మానేశాను. మోకాళ్లు మొరాయించాయి. మా మీటింగ్ హాలు మేడ మీద, మెట్లేమో నిటారుగా ఉంటాయి. నా స్థానంలోకి ప్రిస్కిల్లా అనే అమ్మాయి వచ్చింది. బైబిల్ కాలేజీలో చదువుకుంది, కీబోర్డు వాయిస్తుంది, ఫోన్లోనే పోస్టర్లు తయారు చేస్తుంది. నాకు ఇవేవీ రావు. అయినా రెండో వారానికే మా ఇంటికొచ్చి దిగాలుగా కూర్చుంది.

"ఆంటీ, పిల్లలు రావట్లేదండి. వాళ్ల అమ్మానాన్నలేమో, మీరే ఏదో ఒకటి చేసి రప్పించండి అంటున్నారు. ఏం చెయ్యమంటారు?"

టీ తాగేలోపు చెప్పగలిగే జవాబు కాదది. అందుకే ఇలా రాస్తున్నాను. ఆ అమ్మాయి కోసం, ఆమెలా కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసం. నేను నడిపిన క్యాంపుల గురించీ నాకు కప్పిన శాలువాల గురించీ రాయను. చేసిన తప్పుల గురించి రాస్తాను. మీకు అవే ఎక్కువ పనికొస్తాయి.

అసలు పని ఎక్కడ ఉంటుంది

శనివారం సాయంత్రం పాటలు, ఆటలు, వాక్యం, బిస్కెట్లు. బయటివాళ్లకి కనిపించేది ఇదే. నేనూ మొదట్లో ఇదే పని అనుకున్నాను. కానీ గంటన్నర మీటింగ్‌లో ఒక పిల్లవాడి మనసు మారదు. వాడు మిగిలిన వారమంతా బతికేది ఇంట్లో. కాబట్టి నా పని ఎక్కువగా ఇళ్లలోనే జరిగింది. సాయంత్రం ఐదున్నరకి వెళ్తే తల్లి వంటగదిలో ఉంటుంది, తండ్రి డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ ఉంటాడు. ప్లాస్టిక్ కుర్చీ లాగి కూర్చోబెడతారు. మొదటి పది నిమిషాలూ పిల్లల మీద ఫిర్యాదులు. పదకొండో నిమిషం నుంచి అసలు సంగతులు బయటికొస్తాయి. ఆ పదకొండో నిమిషం దాకా నోరు మూసుకుని కూర్చోవడమే ఈ పనిలో కష్టమైన భాగం.

తొమ్మిదో తరగతి దాకా పిల్లలు బాగానే వస్తారు. ఇంటర్‌లో చేరగానే మాయమైపోతారు. పొద్దున్న ఏడింటికి రాజమండ్రి బస్సెక్కితే మళ్లీ రాత్రి అన్నం వేళకే రావడం. "ఇంటర్ అవనివ్వండి అమ్మగారూ, తర్వాత పూర్తిగా మీ దగ్గరే ఉంటాడు" అంటారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఇంటర్ తర్వాత ఎంసెట్, దాని తర్వాత ఇంజినీరింగ్. వాయిదా వేసినదాని విలువ ఎంతో పిల్లలకి చెప్పకుండానే తెలిసిపోతుంది.

ఇంకో మాట కూడా నిష్ఠూరంగా ఉన్నా చెప్తాను. చాలా ఇళ్లలో ఆదివారం గుడి నుంచి వచ్చాక, కోడికూరతో పాటు పాస్టరు అయ్యగార్ని కూడా ముక్కలు చేసి వడ్డించుకుంటారు. ప్రసంగం సాగదీశారనీ, ఫలానావాళ్లకి పాట ఇచ్చారనీ. పిల్లలు తల వంచుకుని తింటూ అన్నీ వింటారు. సాయంత్రానికి అదే తల్లి "మీటింగ్‌కి పోరా, బాగుపడతావు" అంటే వాడు ఎందుకు కదులుతాడు?

రిజిస్టరు

పనిలో చేరిన కొత్తలో నాకు ఎర్ర అట్ట రిజిస్టరు ఒకటి ఉండేది. శనివారం రానివాళ్ల పేర్లు ఆదివారం ఆరాధన అయ్యాక మైకులో చదివేదాన్ని. తల్లిదండ్రులకి సిగ్గేసి పిల్లల్ని పంపుతారని నా తెలివి. పంపారు కూడా. మూడు వారాలు హాలు నిండింది. నేను పొంగిపోయాను.

నాలుగో ఆదివారం, నేను పేరు చదివిన ఒక పదిహేనేళ్ల కుర్రాణ్ణి వాళ్ల నాన్న గుమ్మం దగ్గర, చెప్పులు విడిచేచోట, అందరూ చూస్తుండగా చెంప మీద కొట్టాడు. ఆ కుర్రాడు ఏడవలేదు. నావైపు చూశాడు. తర్వాత మా గుడికి మళ్లీ రాలేదు. ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు.

అప్పటి మా పాస్టరు, పెద్ద అయ్యగారు ఆ సాయంత్రం నన్ను పిలిచి రిజిస్టరు తీసుకున్నారు. "రత్నమ్మా, గొర్రెల్ని లెక్కపెట్టుకోవడం తప్పు కాదు. తప్పిపోయినదాన్ని వెతకడానికి వెళ్లాలిగాని, దొరికినచోట కొట్టించకూడదు" అన్నారు. ఆ తర్వాత నెల రోజులు మీటింగ్ ఆపించి, ఇళ్లకి వెళ్లమన్నారు. సాయంత్రం ఐదున్నరకి ఇళ్లకి వెళ్లి కూర్చునే పని నాకు నేర్పింది ఆయనే.

ఆయనలోనూ లోపం లేకపోలేదు. ఏటా జరిగే కన్వెన్షన్ సభలు దగ్గర పడేసరికి "మన యూత్ ఎంతమంది?" అని నన్నే అడిగేవారు. మంచి పై అధికారికి కూడా అంకెల మీద ఆశ పోదు. మీరు దానికి కోపం తెచ్చుకోకండి, లొంగకండి కూడా.

కెజియా

ఇప్పుడు చెప్పబోయేది నా వృత్తిలో నేను చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ అమ్మాయి అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేర్లు మార్చాను. రాసింది చదివి, "ఆంటీ, ఒకచోట మిమ్మల్ని మీరు మరీ ఎక్కువ తిట్టుకున్నారు, తీసెయ్యండి" అని దిద్దింది కూడా.

ఏసుపాదంగారు కాలువ లాకుల దగ్గర లస్కరు. షట్టర్లు ఎత్తి దించి, కాలువలోకి నీళ్లు వదిలే పని. తక్కువ మాట్లాడే మనిషి. ఆదివారం అందరికంటే ముందొచ్చి గుడిలో చాపలు పరిచేవారు. భార్య రూతమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఒక్కతే కూతురు కెజియా. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠత వాక్యాలకి ప్రతి ఏడూ దానికే ప్రైజు. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా ఒక్కసారిగా మీటింగులు మానేసింది. ఆదివారం వచ్చినా వెనకాల కూర్చుని పాట పాడేది కాదు.

భార్యాభర్తలిద్దరూ మా ఇంటికొచ్చారు. "మా మాట వినట్లేదండి. మీరంటే దానికి ప్రాణం. మీరు చెప్తే వింటుంది" అన్నారు ఏసుపాదంగారు.

వెళ్లాను. డాబా మీద బట్టలు తీస్తోంది. నేనూ రెండు దుప్పట్లు మడిచాను. కాసేపటికి తనే మొదలుపెట్టింది.

"ఆంటీ, నాయనమ్మకి జబ్బు తగ్గాలని ఎన్ని రోజులు ఉపవాసం ఉన్నామో మీకు తెలుసుగా. నేను కాలేజీకి కూడా తినకుండానే వెళ్లాను. అయినా చనిపోయింది. చివర్లో ఎంత నొప్పి పడిందో నేను చూశాను. ఆ తర్వాతి ఆదివారం నాన్న గుడిలో లేచి సాక్ష్యం చెప్తూ, దేవుడు మా ఇంట్లో గొప్ప కార్యం చేశాడు అన్నారు. ఏం చేశాడు ఆంటీ? నేను ప్రార్థన చేస్తుంటే అవతల ఎవరూ వింటున్నట్టు అనిపించట్లేదు. అలా అనిపిస్తున్నప్పుడు పాట పాడితే అబద్ధం కాదా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకుంటే సరిపోయేది. నేనేం చేశానంటే, "ప్రార్థన చేస్తాలే అమ్మా" అని తల నిమిరి కిందికి దిగి, వీధి చివర ఎదురైన ఏసుపాదంగారికి మొత్తం చెప్పేశాను. తండ్రి అర్థం చేసుకుని ఓదారుస్తాడని అనుకున్నాను.

ఆయన భయపడిపోయారు. భయపడిన తండ్రి ఏం చేస్తాడో నేను ఆలోచించలేదు. ఆ ఆదివారం ఆరాధన చివర్లో లేచి, "మా అమ్మాయికి అవిశ్వాసం పట్టుకుంది, సంఘం ప్రార్థన చెయ్యాలి" అని కెజియాని చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకొచ్చారు. సంఘ పెద్దలు ఐదారుగురు చుట్టూ చేరి తల మీద చేతులుంచి గట్టిగా ప్రార్థన చేశారు. అందరూ మంచి మనసుతోనే చేశారు. ఆ పిల్ల మాత్రం రాయిలా నిలబడింది. ప్రార్థన అయ్యాక చున్నీ సరిచేసుకుని, ఎవరివైపూ చూడకుండా నడుచుకుంటూ వెళ్లిపోయింది.

గుడికి రావడం మానేసింది. ఇంట్లో తండ్రితో మాట్లాడటం కూడా మానేసింది. అన్నం పెట్టమనాలన్నా, ఫీజు చెప్పాలన్నా తల్లి ద్వారానే.

బస్సులో

మూడు వారాలు ఏం చెయ్యాలో తోచక తిరిగాను. ఒకరోజు పొద్దున్న ఏడు గంటల బస్సుకి నేనూ ఎక్కాను. కెజియా కిటికీ పక్కన ఉంది. పక్క సీటు ఖాళీగా ఉంటే కూర్చున్నాను. తను కాస్త పక్కకి జరిగింది.

"నువ్వు నమ్మి చెప్పిన మాట నేను మీ నాన్నగారికి చెప్పాను. చెప్పకూడదు. తప్పు నాదమ్మా, క్షమించు."

బయటికే చూస్తూ, "నాన్నకి చెప్పినందుకు కాదు ఆంటీ నా కోపం. నాకు జవాబు చెప్పకుండా నాన్నకి చెప్పారు. నేను అడిగింది మిమ్మల్ని" అంది.

"నాకు జవాబు తెలీదమ్మా. తెలీదని నీ ముందు ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. మా ఆయన పోయినప్పుడు నేనూ ఇదే అడిగాను. ఇప్పటికీ అడుగుతూనే ఉంటాను."

అప్పుడు మొదటిసారి నావైపు తిరిగింది. "మరి ఎలా వెళ్తారు గుడికి?"

"అడగడానికే వెళ్తాను కొన్నిసార్లు" అన్నాను.

కాలేజీ స్టాపు వచ్చింది. దిగబోతూ, "వచ్చే వారం కూడా ఈ బస్సుకే వస్తారా?" అని అడిగింది. వస్తానన్నాను. ఆ తర్వాత నాలుగు నెలలు ప్రతి మంగళవారం ఆ బస్సెక్కాను. ఒక్కసారి కూడా మీటింగ్‌కి రమ్మనలేదు.

లాకుల దగ్గర

తండ్రి దగ్గరికి వెళ్లడం అంతకంటే కష్టమైంది. లాకుల దగ్గర షట్టరు పళ్ల చక్రానికి గ్రీజు రాస్తున్నారు ఏసుపాదంగారు. నేను నోరు తెరిచేలోపే, "దాన్ని అలా వదిలెయ్యమని చెప్పడానికి వచ్చారా? నా కూతురు నాశనమైపోతుంటే చూస్తూ ఊరుకోమంటారా?" అన్నారు. ఆయన గొంతు పెంచడం ఎప్పుడూ వినలేదు నేను.

"వదిలెయ్యమనట్లేదండి. ఒక్కటి అడుగుదామని వచ్చాను. మీ అమ్మగారు పోయినప్పుడు మీకేం అనిపించింది?"

ఆయన గ్రీజు చేతుల్ని గుడ్డకి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

"కోపం వచ్చిందండి" అన్నారు చివరికి. "ఆవిడ జన్మలో ఎవరికీ హాని చెయ్యలేదు. ఆవిడకి అంత నొప్పి ఎందుకండి? మరి ఆదివారం లేచి గొప్ప కార్యం అని ఎందుకన్నానంటే, అలా అనకపోతే నేను నిలబడలేనండి. కూలిపోతాను."

"ఈ మాట కెజియాకి ఎప్పుడైనా చెప్పారా?"

"తండ్రిని కదండీ. నేనే అలా అంటే అది దేన్ని పట్టుకుంటుంది?"

"అదిప్పుడు దేన్నీ పట్టుకోలేదండి. ఇంట్లో తనొక్కదానికే అలా ఉందనుకుంటోంది."

ఈసారి నాకు బుద్ధి వచ్చింది కాబట్టి, "మీరు చెప్పింది నేను ఎవరికీ చెప్పను. చెప్పాలంటే మీరే చెప్పాలి" అని లేచి వచ్చేశాను. బస్సులో కెజియా పక్కన కూర్చున్నప్పుడు ఎన్నిసార్లో నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను.

ఆయనకి నెల పైనే పట్టింది. రూతమ్మ జ్వరంతో పడుకున్న రోజున కెజియా తండ్రికి మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్లింది. అక్కడ పెట్టి తిరిగొచ్చేద్దామనుకుంది. ఆయన, "అమ్మడూ, ఒక్క నిమిషం కూర్చో" అన్నారట. మా అమ్మ విషయంలో నాకూ దేవుడి మీద కోపం ఉంది, నీకు చెప్పడానికి భయపడ్డాను, నిన్ను అందరి ముందూ నిలబెట్టడం తప్పు, అన్నారట. చెప్తూ చెప్తూ ఏడ్చేశారట. వాళ్ల నాన్న ఏడవడం ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు, నాయనమ్మ సమాధి దగ్గర కూడా. ఇద్దరూ ఒకే క్యారేజీలోది తిన్నారు. ఈ సంగతి తర్వాతి మంగళవారం బస్సులో కెజియానే చెప్పింది.

"నాన్నకి కూడా తెలీదట ఆంటీ" అంది. ఆ మాట ఎంత తేలిగ్గా అందో! బరువు దించుకున్నట్టు.

శనివారం ప్రశ్నలు

అంతటితో ఆ పిల్ల పరుగెత్తుకుంటూ మీటింగ్‌కి వచ్చేసిందనుకోకండి. ఇంకో రెండు నెలలు రాలేదు. వచ్చినప్పుడు షరతులు పెట్టింది. పాట పాడమనకూడదు, సాక్ష్యం చెప్పమనకూడదు, ప్రశ్న అడగనివ్వాలి. "ఇంకోటి ఆంటీ. పెద్దవాళ్లూ అడగాలి. మమ్మల్నే కూర్చోబెట్టి మీరు జవాబులు చెప్పడం కాదు."

అలా నెలలో ఒక శనివారం తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి కూర్చోవడం మొదలైంది. నియమం ఒక్కటే పెట్టాం. పిల్లలు మాట్లాడటం పూర్తయ్యేదాకా పెద్దలు అడ్డుపడకూడదు. మొదటిసారి నాలుగు కుటుంబాలే వచ్చాయి. అప్పుడు ఏసుపాదంగారు లేచి నిలబడి, తన తల్లి పేరు చెప్పి, లాకుల దగ్గర నాతో అన్న ప్రశ్నే అందరి ముందూ అడిగారు. ఒక పదో తరగతి కుర్రాడు లేచి, "మా తమ్ముడి గురించి నేనూ అలాగే అనుకుంటానండి" అన్నాడు. వాడి తల్లి ఉలిక్కిపడి కొడుకు వైపు చూసింది. ఆ ఇంట్లో చనిపోయిన పసివాడి గురించి ఆరేళ్లుగా ఎవరూ మాట్లాడలేదని ఆ రోజే తెలిసింది మాకు.

సంఘ పెద్దల్లో ఒకాయనకి ఇది నచ్చలేదు. కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారి దగ్గరికెళ్లి, "గుడిలో అనుమానాలు నేర్పుతున్నారండి" అన్నాడు. కొత్తాయన చిన్న వయసువాడు, సంఘంతో గొడవ పెట్టుకునే ధైర్యం ఉండదనుకున్నాను. ఆయన నిదానంగా, "అనుమానం మనం నేర్పలేదండి, వాళ్లిళ్లలోనే పుట్టింది. ఇంతకాలం గుమ్మం బయట నిలబెట్టాం, ఇప్పుడు లోపలికి రమ్మన్నాం" అన్నారు. మనుషుల్ని వయసుతో కొలవకూడదని ఆరోజు నేర్చుకున్నాను.

కెజియా ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. మా యవ్వనస్తుల్లో పదిమందిని వెంటబెట్టుకుని రాజమండ్రి ఆసుపత్రుల్లో రోగుల్ని చూడటానికి వెళ్తుంది. కొత్తవాళ్లకి తను మొదట చెప్పేమాట: "ప్రార్థన చేద్దాం. తగ్గిపోతుందని మాత్రం మాటివ్వొద్దు. వాళ్ల పక్కన కూర్చోండి." పాటలు కూడా పాడుతుంది. ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టిందో నేను గమనించలేదు, అడగలేదు.

ప్రిస్కిల్లాకి

పిల్లలు నమ్మి చెప్పినది నీ దగ్గరే ఉంచుకో. ప్రాణానికో ఒంటికో ప్రమాదం ఉన్న మాటయితే దాచకూడదు, పెద్దలకి చెప్పి తీరాలి. అప్పుడు కూడా ముందు ఆ పిల్లకే చెప్పు, "ఇది నేను మీ అమ్మకి చెప్పాలి, నీ పక్కనే ఉంటాను" అని.

తల్లిదండ్రులు నిన్ను పోలీసులా వాడుకుంటారు. "ఆంటీకి చెప్తా ఉండు" అని బెదిరిస్తారు. ఆ ఉద్యోగం ఒప్పుకోకు. పిల్లవాణ్ణి మీటింగ్‌కి పంపడం ఎలా అని అడిగితే, మీరు ఇంట్లో చివరిసారి మీ భయం గురించి ఎప్పుడు మాట్లాడారు అని అడుగు. కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకున్నవాళ్లలో సగంమంది తర్వాతి నెల వస్తారు. మిగతా సగం రారు. వాళ్ల పిల్లల్లో కొందరు మనకి దక్కరు. ఇది కూడా ముందే తెలుసుకో, లేకపోతే నిన్ను నువ్వు తినేస్తావు.

నా చివరి శనివారం సంగతి చెప్పి ఆపేస్తాను. మీటింగ్ మొదలుకాకముందు, కొత్తగా మా ఊరొచ్చిన ఒకాయన కొడుకుని మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కించుకుంటూ వచ్చాడు. కొడుకు మొహం కందిపోయి ఉంది. "వీడికి కాస్త భయం చెప్పండమ్మగారూ, ఇంట్లో ఎవరి మాటా వినట్లేదు" అన్నాడు అందరికీ వినబడేలా. నేను కుర్చీలోంచి లేవబోయాను. మోకాళ్లు ఒక పట్టాన లేవనివ్వవు కదా, ఈలోపు ఏసుపాదంగారు వాళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. కుర్రాడితో, "నువ్వు లోపలికెళ్లి నీ ఇష్టమొచ్చినచోట కూర్చో బాబూ" అన్నారు. ఆ తండ్రి భుజం మీద చెయ్యి వేసి మెట్ల వైపు తిప్పారు.

"రండి సార్, కింద టీ తాగుదాం. అబ్బాయి సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరెలా ఉన్నారో చెప్పండి."